సైనస్ ఇన్ఫెక్షన్, అతిచురుకు థైరాయిడ్: రెండూ కలిసినచోట తెలుసుకోవలసినవి

సైనస్ ఇన్ఫెక్షన్‌కూ థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న ఈ రెండింటితోనూ బాధపడేవారి మనసులో సహజంగానే తలెత్తుతుంది. ముక్కుకూ మెడకూ మధ్య దూరం జానెడే కాబట్టి ఒకచోటి చీము మరొకచోటికి పాకిందేమో అన్న అనుమానం కూడా అర్థం చేసుకోదగినదే. ముక్కు చుట్టూ ఉన్న ఎముకల గదుల్లోని ఇన్ఫెక్షన్ థైరాయిడ్‌కు పాకి దానిచేత హార్మోన్‌ను అతిగా తయారు చేయిస్తుందని వైద్యశాస్త్రం ఇంతవరకు నిరూపించలేదు. అయినా ఈ రెండు జబ్బులకూ సంబంధమే లేదని తేల్చేయడం సరికాదు. అవి ఒకే మనిషిలో కలిసినప్పుడు ఒకదాని లక్షణం మరొకదాన్ని కప్పిపుచ్చుతుంది, ఒకదానికి వేసుకున్న మందు మరొకదాన్ని రెచ్చగొడుతుంది, మామూలు గొంతునొప్పిలా కనిపించినది కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయానికి తొలి సూచన అవుతుంది. రోగికి నిజంగా అవసరమైన సంబంధం ఇదే, ఈ అధ్యాయం ప్రధానంగా దాన్నే వివరిస్తుంది.

ముఖంలోని ఎముకల్లో గాలి నిండిన గదులు నాలుగు జతలు ఉంటాయి. బుగ్గల వెనుక ఒక జత, నుదుటిలో ఒక జత, రెండు కళ్ల మధ్య చిన్న చిన్న అరల సముదాయాలుగా ఒక జత, ముక్కు వెనుక పుర్రె లోతున మరొక జత ఉండగా, వీటన్నిటినీ కలిపి సైనస్‌లు అంటారు. వాటి లోపలి పొర ఎప్పుడూ పలుచని జిగురును స్రవిస్తూ ఉంటుంది, కంటికి కనిపించని సూక్ష్మ కేశాలు ఆ జిగురును సన్నని ద్వారాల గుండా ముక్కులోకి తోస్తూ ఉంటాయి. జలుబు చేసినప్పుడు ఆ ద్వారాలు వాచి మూసుకుపోవడంతో జిగురు లోపలే నిలిచిపోయి తలబరువు, ముఖం నొప్పి, ముక్కుదిబ్బడ మొదలవుతాయి. వీటిలో అత్యధిక భాగం వైరస్‌ల వల్ల వచ్చి వారం పది రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. లక్షణాలు 10 రోజులు దాటినా తగ్గుముఖం పట్టకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టినా, మొదటినుంచే 102 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరంతో చిక్కని చీమిడి, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు కొనసాగినా వైద్యులు బాక్టీరియాను అనుమానించి యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తారు. ఇబ్బంది 12 వారాలు మించితే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్‌గా పరిగణిస్తారు.

థైరాయిడ్ గ్రంథి గొంతుముడికి కాస్త కింద, శ్వాసనాళానికి ముందు, సుమారు 15 నుంచి 20 గ్రాముల బరువుతో ఉంటుంది. అది అయోడిన్‌ను తీసుకుని టీ4, టీ3 అనే హార్మోన్లను తయారు చేస్తుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే మరో హార్మోన్ ద్వారా ఆ పనిని అదుపు చేస్తుంది. రక్తంలో టీ4, టీ3 ఎక్కువైనప్పుడు పిట్యూటరీ తన వంతుగా టీఎస్‌హెచ్‌ను బాగా తగ్గించేస్తుంది కాబట్టి, రిపోర్టులో టీఎస్‌హెచ్ సాధారణ పరిమితికి (చాలా ప్రయోగశాలల్లో సుమారు 0.4) బాగా దిగువన ఉండడం, టీ4 గాని టీ3 గాని పెరిగి ఉండడం అతిచురుకు థైరాయిడ్‌కు గుర్తు. మన ఇళ్లలో ‘థైరాయిడ్ ఉంది’ అని చెప్పుకునేవారిలో ఎక్కువమందికి ఉన్నది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మందకొడి థైరాయిడ్. అందుచేత ఈ అధ్యాయంలోని జాగ్రత్తలను అన్వయించుకునే ముందు పాత రిపోర్టు తీసి తమది ఏ రకమో చూసుకోవడం ప్రతి పాఠకుడూ చేయవలసిన తొలి పని. అయితే మందకొడి థైరాయిడ్‌కు థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నవారిలో మోతాదు అవసరానికి మించితే శరీరం అతిచురుకు స్థితిలోకే వెళుతుంది. కాబట్టి ఈ అధ్యాయంలో తర్వాత వచ్చే మందుల దుకాణం హెచ్చరికలు వారికీ వర్తిస్తాయి.

హార్మోన్ ఎక్కువైన శరీరంలో ఆకలి తగ్గకుండానే బరువు తగ్గడం, చేతివేళ్ల వణుకు, గుండెదడ, చెమటలు, ఉక్క భరించలేకపోవడం, తరచూ విరేచనానికి వెళ్లవలసి రావడం, నిద్ర పట్టకపోవడం, మెట్లెక్కేటప్పుడు తొడల్లో సత్తువ లేకపోవడం కనిపిస్తాయి. వీటిలో నీరసం, నిద్రలేమి, చెమట, ఒంటివెచ్చదనం దీర్ఘకాలిక సైనస్ బాధలోనూ ఉంటాయి గనుక నెలల తరబడి ‘సైనస్సే’ అని సరిపెట్టుకున్నవారిలో థైరాయిడ్ మరుగున పడిపోవడానికి అవకాశం ఉంది. రెండింటినీ విడదీయడానికి ఇంట్లోనే ఉపయోగపడే సాధనం నాడి. ఉదయం లేచాక మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడిని పూర్తి నిమిషం పాటు లెక్కించి నాలుగైదు రోజులు రాసుకోవాలి. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడు నాడి నిమిషానికి సుమారు 10 పెరగడం మామూలు. జ్వరం లేకుండానే 100 దాటుతున్నా, కొద్దిపాటి జ్వరానికే 130 చేరుతున్నా, లయ తప్పి కొట్టుకుంటున్నా ఆ వేగానికి ముక్కును కారణంగా చూపడం కుదరదు. అరవై దాటినవారిలో వణుకు, చెమట వంటి స్పష్టమైన సూచనలు ఏవీ లేకుండా కేవలం నీరసం, బరువు తగ్గడం, లయ తప్పిన గుండె మాత్రమే ఉండవచ్చు కాబట్టి వారి విషయంలో నాడికి ఇంకా ఎక్కువ విలువ ఉంటుంది.

జలుబు తగ్గాక మొదలయ్యే మెడనొప్పి

ఊపిరితిత్తులకు పైన, అంటే ముక్కు, గొంతు, సైనస్‌లలో వచ్చే వైరస్ ఇన్ఫెక్షన్‌కూ థైరాయిడ్‌కూ మధ్య అత్యంత స్పష్టమైన సంబంధం కనిపించేది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ అనే వాపు జబ్బులో. స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1904లో దీన్ని వివరించినందువల్ల ఆయన పేరుతోనూ దీన్ని పిలుస్తారు. జలుబు, సైనస్ పోటు, గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల తర్వాత మెడ ముందు భాగంలో నొప్పి మొదలై, ఆ నొప్పి దవడకూ చెవికీ పాకి, ముట్టుకుంటే ఓర్చుకోలేనంతగా పెరగడం, కొన్నిసార్లు ఒక వైపు మొదలై కొద్ది రోజుల్లో రెండో వైపుకు మారడం, దానితోపాటు జ్వరం, గుండెదడ, వణుకు రావడం దీని లక్షణాలు. నలభై, యాభై ఏళ్ల వయసు స్త్రీలలో ఇది ఎక్కువ. 2020లో ఇటలీలోని పీసా వైద్యులు కోవిడ్ తర్వాత ఇదే జబ్బు వచ్చిన తొలి కేసును ప్రచురించిన అనంతరం అనేక దేశాల నుంచి అటువంటి కేసులు వెలుగులోకి వచ్చాయి.

ఈ జబ్బులో గ్రంథి కొత్తగా హార్మోన్‌ను తయారు చేయదన్నది చికిత్సకు కీలకమైన విషయం. వాపు వల్ల గ్రంథిలోని కణాల అరలు దెబ్బతిని, వారాల తరబడి నిల్వ చేసుకున్న హార్మోన్ అంతా, గాదెకు చిల్లుపడితే కొత్త పంట లేకుండానే ధాన్యం నేలపాలైనట్టు, రక్తంలోకి కారిపోతుంది. అందుచేతనే హార్మోన్ తయారీని ఆపే కార్బిమజోల్ వంటి మందులకు ఇక్కడ పని లేదు. నొప్పికి ఐబుప్రొఫెన్ వంటి వాపు తగ్గించే మందులు, అవి చాలకపోతే ప్రెడ్నిసొలోన్, గుండెదడకు ప్రొప్రానొలాల్ సరిపోతాయి. అతిచురుకు దశ కొన్ని వారాలు సాగి, నిల్వ ఖాళీ అయ్యాక కొన్ని నెలల పాటు మందకొడి దశ వచ్చి, ఆ తర్వాత ఎక్కువమందిలో గ్రంథి మామూలు స్థితికి చేరుకుంటుంది. కొద్దిమందికి మాత్రం శాశ్వతంగా థైరాక్సిన్ మాత్ర అవసరమవుతుంది. కాబట్టి నొప్పి తగ్గగానే పరీక్షలు ఆపేయడం సరికాదు.

నొప్పి చెవికీ దవడకీ పాకడం వల్ల ఇటువంటి రోగి మొదట ఈఎన్‌టీ వైద్యుడి దగ్గరకో, పంటి వైద్యుడి దగ్గరకో వెళతాడు. అంతకుముందే సైనస్ బాధ ఉండివుంటే అదే తిరగబెట్టిందన్న భావనతో ఒక యాంటీబయాటిక్ తర్వాత మరొకటి వాడుతూ వారాలు గడిచిపోవడం ఈ జబ్బు చరిత్రలో విచారకరమైన, తేలికగా నివారించదగిన అధ్యాయం. నొప్పి గొంతు లోపల ఉందా, బయట ఉందా అన్న తేడాను రోగి స్వయంగా గమనించగలడు. మింగినప్పుడు నొప్పి రెండింటిలోనూ ఉంటుంది గాని, గొంతుముడి కింద వేళ్లతో మెల్లగా తాకినప్పుడు నొప్పి పెరిగితే, అద్దంలో చూసుకున్నప్పుడు గొంతు లోపల ఎరుపు, చీము కనిపించకపోతే థైరాయిడ్ పరీక్ష అడగవలసిన సమయం వచ్చినట్టే. రక్తపరీక్షలో వాపును సూచించే ఈఎస్‌ఆర్ బాగా పెరిగి, చాలామందిలో 50 దాటి ఉండడం, టీఎస్‌హెచ్ తగ్గి ఉండడం, స్కానింగ్‌లో గ్రంథి అయోడిన్‌ను దాదాపు పీల్చుకోకపోవడం దీన్ని నిర్ధారిస్తాయి.

గ్రేవ్స్ వ్యాధి, అలర్జీ

డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోను, జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో కార్ల్ ఫన్ బాసెడో 1840లోను వర్ణించిన గ్రేవ్స్ వ్యాధి అతిచురుకు థైరాయిడ్‌కు ప్రధాన కారణం. ఇందులో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తయారుచేసే ప్రతిదేహాలు, అంటే యాంటీబాడీలు, టీఎస్‌హెచ్ చేరవలసిన చోట చేరి గ్రంథిని ఆగకుండా పనిచేయిస్తాయి. ఒక సూక్ష్మజీవి పోలిక వల్ల ఈ పొరపాటు మొదలవుతుందన్న ఊహ పాతదే అయినా అది నిలదొక్కుకోలేదు. అలర్జీ విషయం కాస్త వేరు. గ్రేవ్స్ వ్యాధి అదుపులోకి వచ్చి మందులు ఆపిన కొందరిలో అలర్జీ జలుబు ఉద్ధృతమైన తర్వాత వ్యాధి తిరగబెట్టడాన్ని జపాన్ పరిశోధకులు 1993లో ప్రచురించారు. అక్కడ వసంతంలో సీడార్ చెట్ల పుప్పొడి వల్ల ఈ జలుబు విపరీతంగా ఉంటుంది. ఆ పరిశీలన కారణాన్ని నిరూపించకపోయినా, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగుల వల్లనో, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ పుప్పొడి వల్లనో ఏటా తుమ్ములతో సతమతమయ్యే తెలుగు పాఠకుడు, తనకు గతంలో గ్రేవ్స్ వ్యాధి ఉన్నట్లయితే, తీవ్రమైన అలర్జీ కాలం ముగిసిన ఒకటి రెండు నెలలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోవడం ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ అయిన జాగ్రత్త. సిగరెట్, బీడీ, చుట్ట పొగ మాత్రం రెండు వైపులా హాని చేస్తుంది. అది సైనస్‌లలోని సూక్ష్మ కేశాలను చచ్చుబరుస్తుంది, గ్రేవ్స్ వ్యాధిలో కంటి ఉబ్బును తీవ్రం చేస్తుంది. ఈ రెండు జబ్బులున్న మనిషి మానవలసిన వాటిలో మొదటిది అదే.

కార్బిమజోల్ వేసుకునేవారికి గొంతునొప్పి, జ్వరం వస్తే

ఈ అధ్యాయంలో ఒక్క భాగాన్నే గుర్తుంచుకునే వీలు ఉంటే అది ఇదే కావాలి. గ్రేవ్స్ వ్యాధికి వాడే కార్బిమజోల్, మెథిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మందులు వేసుకునేవారిలో వెయ్యిమందికి సుమారు ఇద్దరి నుంచి ఐదుగురిలో ఎగ్రాన్యులోసైటోసిస్ అనే దుష్పరిణామం రావచ్చు. అంటే బాక్టీరియాతో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు మైక్రోలీటరుకు 500 కంటే కిందికి పడిపోతాయి. ఇది ఎక్కువగా మందు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో వస్తుంది, తర్వాత కూడా రావచ్చు, మానేసిన మందును మళ్లీ మొదలుపెట్టినప్పుడూ రావచ్చు. ఒక వారం మామూలుగా ఉన్న రక్తపరీక్ష మరుసటి వారం ప్రమాదకరంగా మారగలదు కాబట్టి నెలనెలా చేయించే పరీక్ష దీన్ని పట్టుకుంటుందన్న భరోసా లేదు. దాని తొలి సూచనలు జ్వరం, గొంతునొప్పి, నోటిపూత, చలి. ఇవన్నీ జలుబుకూ సైనస్ ఇన్ఫెక్షన్‌కూ ఉండే లక్షణాలే. మామూలు ‘పడిశం’ అని మూడు రోజులు మాత్రలు మింగి ఊరుకున్న రోగికి ఈలోగా రక్తంలో ఇన్ఫెక్షన్ వ్యాపించి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి ఈ మందులు వాడుతున్న వ్యక్తికి జ్వరంతో కూడిన గొంతునొప్పి వచ్చినప్పుడు చేయవలసింది స్పష్టంగా ఉంది. ఆ పూట మాత్ర ఆపి, అదే రోజు సీబీపీ అనే రక్తపరీక్ష చేయించి, అందులో మొత్తం తెల్లకణాల సంఖ్యతోపాటు న్యూట్రోఫిల్స్ సంఖ్యను వైద్యుడికి చూపించాలి. ఈ పరీక్ష చిన్న పట్టణాల్లోనూ కొద్ది గంటల్లో, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఆదివారమని, పండుగని, రాత్రి అయిందని వాయిదా వేయదగినది ఇది కాదు, దగ్గరలో ప్రయోగశాల తెరిచి లేకపోతే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. కణాలు పడిపోయినట్టు తేలితే ఆసుపత్రిలో చేరి సూదిమందు యాంటీబయాటిక్ తీసుకోవలసి ఉంటుంది. ఆ వ్యక్తి మళ్లీ జీవితంలో ఎప్పుడూ కార్బిమజోల్ గాని, దానికి బదులుగా ప్రొపైల్‌థయోయురాసిల్ గాని వేసుకోకూడదు, ఒకటి పడనివారికి రెండోదీ పడకపోవచ్చు.

కణాల సంఖ్య మామూలుగా ఉన్నప్పుడు చేయవలసిన పనిని మాత్రం చాలామంది మరిచిపోతారు. వైద్యుడి మాట తీసుకుని మాత్రను వెంటనే తిరిగి మొదలుపెట్టాలి. భయపడి దాన్ని వారాల పాటు మానేసినవారిలో హార్మోన్ మళ్లీ పెరిగి, అదే సమయంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంటే, థైరాయిడ్ స్టార్మ్ అనే విపత్కర స్థితి రావచ్చు. విపరీతమైన జ్వరం, నిమిషానికి 140 దాటే నాడి, వాంతులు, విరేచనాలు, కంగారు, పొంతన లేని మాటలు దీని లక్షణాలు. ఈ స్థితిని రెచ్చగొట్టే కారణాల్లో ఇన్ఫెక్షన్లదే మొదటి స్థానం. థైరాయిడ్ అదుపులో లేని వ్యక్తికి సైనస్ ఇన్ఫెక్షన్ వచ్చి, ఆ జ్వరంలో ప్రవర్తన మారితే, అది జ్వరం వల్ల వచ్చిన కలవరింత అనుకుని తడిగుడ్డ వేస్తూ ఇంట్లో ఉంచకూడదు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఈ విషయం రోగి కంటే ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండడం ముఖ్యం, ఎందుకంటే ఆ సమయంలో తనకేమవుతోందో రోగి చెప్పగలిగే స్థితిలో ఉండకపోవచ్చు.

మందుల దుకాణంలో జాగ్రత్తలు

జలుబు మాత్రల్లో అత్యధిక భాగం రెండు మూడు మందుల మిశ్రమాలు. పారాసెటమాల్, అలర్జీ మందు పక్కన ముక్కుదిబ్బడను తగ్గించే ఫినైలెఫ్రిన్ గాని సూడోఎఫిడ్రిన్ గాని ఉంటుంది. ఇవి రక్తనాళాలను బిగించి ముక్కు వాపును తగ్గించే మందులు, శరీరంలోని అడ్రినలిన్ చేసే పనిలో కొంత తామూ చేస్తాయి. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైన గుండె అడ్రినలిన్‌కు ఇప్పటికే అతిగా స్పందిస్తూ ఉంటుంది కాబట్టి ఈ మందు తోడైతే దడ, రక్తపోటు పెరిగి కొందరిలో గుండె లయ తప్పుతుంది. వీటి పొట్లాల మీద థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి హెచ్చరిక అచ్చువేసి ఉండడానికి కారణం ఇదే, కాని విడిగా కత్తిరించి ఇచ్చే నాలుగు మాత్రల మీద ఆ అక్షరాలు ఉండవు. దుకాణంలో ‘జలుబు మాత్ర’ అని అడగకుండా, ముక్కుదిబ్బడ మందు కలపని ఒంటి పారాసెటమాల్, ఒంటి సెట్రిజిన్ అని పేరుపెట్టి అడగడం మంచిది. ముక్కులో వేసే ఆక్సీమెటాజొలిన్, జైలోమెటాజొలిన్ చుక్కలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. థైరాయిడ్ మామూలుగా ఉన్నవారికి కూడా అవి మూడు నుంచి ఐదు రోజులు మించితే ముక్కుదిబ్బడను తిరిగి పెంచుతాయి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, వైద్యుడు రాసిన ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు థైరాయిడ్‌ను ఇబ్బంది పెట్టవు. కడుక్కునే నీరు కాచి చల్లార్చినదై, లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపినదై ఉండాలి. కుళాయి నీటిని నేరుగా ముక్కులోకి ఎక్కించుకోవడం, అందులో ఉండగల అమీబాల వల్ల, అరుదుగానైనా ప్రాణాంతకం.

అయోడిన్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. పెద్దవారికి రోజుకు అవసరమైన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గొంతు పుక్కిలించడానికి దొరికే 2 శాతం పొవిడోన్ అయోడిన్ ద్రావణంలో ఒక్క మిల్లీలీటరులోనే సుమారు 2,000 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుంది. ఒకటి రెండు సార్లు పుక్కిలించి ఉమ్మేస్తే సాధారణంగా నష్టం లేదు గాని, సైనస్ కోసం వారాల తరబడి గొంతులోను, ముక్కులోను వాడుతూ పోతే పొరల ద్వారా అయోడిన్ ఒంటికి పట్టి, గ్రంథిలో ముందే గడ్డలున్నవారిలో హార్మోన్ ఉత్పత్తిని పెంచవచ్చు. సీటీ స్కాన్‌లో రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు విషయంలో ఈ ప్రమాదం మరింత పెద్దది. 100 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్‌లో 30 గ్రాములకు పైగా అయోడిన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మూత్రంలో పోయినా, విడివడిన కొద్ది భాగమే గ్రంథికి ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు సైనస్ స్కాన్‌కు కాంట్రాస్ట్ అవసరం ఉండదు. కంటికో మెదడుకో ఇన్ఫెక్షన్ పాకిందన్న అనుమానం ఉన్నప్పుడు అది అవసరమవుతుంది, అప్పుడు దాన్ని నిరాకరించకూడదు గాని, తనకు థైరాయిడ్ ఉందని సిబ్బందికి చెప్పి, తర్వాత కొన్ని వారాలకు పరీక్ష చేయించుకోవాలి. రేడియో అయోడిన్ చికిత్స తలపెట్టినవారు కాంట్రాస్ట్ తర్వాత ఒకటి రెండు నెలలు ఆగవలసి వస్తుంది.

ఉబ్బసం, ముక్కులో కండలు, ఆస్పిరిన్ పడకపోవడం అనే మూడూ కలిసి ఉన్న సైనస్ రోగులు కొందరు ఉంటారు. వారికి గుండెదడ తగ్గించే ప్రొప్రానొలాల్ ఊపిరి బిగించవచ్చు, థైరాయిడ్ నొప్పికిచ్చే ఐబుప్రొఫెన్ కూడా ఆస్పిరిన్ లాగే ఆయాసాన్ని తెప్పించవచ్చు. ఈ రెండు మందులనూ రాసే ఎండోక్రినాలజిస్టు ముక్కు గురించి అడగకపోవచ్చు గనుక రోగే ముందుగా చెప్పాలి. ముక్కు వాపుకు వేసే డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ టీఎస్‌హెచ్‌ను కొన్నాళ్లు తగ్గించి చూపిస్తాయి, తీవ్రమైన జ్వరం కూడా అలాగే చేస్తుంది. కాబట్టి లక్షణాలేవీ లేకుండా ఆ సమయంలో వచ్చిన ఒక్క రిపోర్టును బట్టి థైరాయిడ్ మందు మొదలుపెట్టకుండా ఆరు వారాల తర్వాత మళ్లీ చూడడం వివేకం. జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల పరీక్షల్లో లేని అతిచురుకును ఉన్నట్టుగా చూపుతాయి, అందుచేత పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. రక్తం పలుచబడడానికి వార్‌ఫరిన్ వాడే థైరాయిడ్ రోగికి యాంటీబయాటిక్ మొదలుపెడితే ఆ వారంలోనే రక్తం ఎంత పలుచబడిందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి.

కంటి దగ్గర కలిసే దారులు

కళ్ల మధ్యనున్న సైనస్ అరలకూ కంటిగూటికీ నడుమ అడ్డుగా ఉన్నది అతి పలుచని ఎముక మాత్రమే. అందుచేత సైనస్‌లోని చీము కంటి వెనుకకు పాకగలదు, గ్రేవ్స్ వ్యాధి కూడా కంటి వెనుక కండరాలను, కొవ్వును వాపెక్కించి గుడ్డును ముందుకు నెడుతుంది. పైకి రెండూ కంటి ఉబ్బుగానే కనిపించినా వాటి వేగం వేరు. గ్రేవ్స్‌లో మార్పు వారాలు, నెలల మీద, ఎక్కువగా రెండు కళ్లలోను వస్తుంది, పైరెప్ప వెనక్కి లాగుకుపోయి నల్లగుడ్డు పైన తెల్లభాగం కనిపిస్తుంది, జ్వరం ఉండదు. సైనస్ చీము వల్ల వచ్చే ఉబ్బు గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో, సాధారణంగా ఒక కంటికే వస్తుంది, రెప్ప ఎర్రగా వాచి మూసుకుపోతుంది, కన్ను తిప్పితే నొప్పి, జ్వరం, రెండుగా కనిపించడం ఉంటాయి. రెండో రకంలో చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి. తనకు గ్రేవ్స్ ఉందని తెలిసిన వ్యక్తి ఇదీ అదే అనుకోవడం ఇక్కడ పొంచి ఉన్న ప్రమాదం.

2021 రెండో కోవిడ్ ఉద్ధృతిలో మ్యూకర్‌మైకోసిస్, అంటే బ్లాక్ ఫంగస్, తెలుగు రాష్ట్రాలను వణికించింది. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి అప్పుడు దానికి ప్రధాన చికిత్సా కేంద్రంగా పనిచేసింది. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్లు కలిసినచోట ఈ శిలీంధ్రం సైనస్‌ల నుంచి కంటికి ఎంత వేగంగా పాకుతుందో ఆ నెలల్లో అనేక కుటుంబాలు చూశాయి. అతిచురుకు థైరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, గ్రేవ్స్ కంటి జబ్బుకు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను వారానికోసారి చొప్పున 12 వారాలు నరం ద్వారా ఎక్కిస్తారు. కాబట్టి మధుమేహం ఉన్న గ్రేవ్స్ రోగి ఆ చికిత్స మొదలుపెట్టే ముందు సైనస్‌లలో ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి, మొదలుపెట్టాక బుగ్గ తిమ్మిరి, ముక్కు నుంచి నల్లని స్రావం, అంగిలి మీద నల్లమచ్చ కనిపిస్తే క్షణం కూడా ఆలస్యం చేయకూడదు.

ఇదే ఇరుగుపొరుగుతనం చికిత్సకూ ఉపయోగపడింది. గ్రేవ్స్ వల్ల కంటినరం నలిగి చూపు తగ్గుతున్నప్పుడు కంటిగూటి గోడలను తొలగించి, వాచిన కొవ్వు సైనస్‌లలోకి జారేలా చోటు చేసే శస్త్రచికిత్సను అమెరికాలో వాల్ష్, ఒగురా అనే వైద్యులు 1957లో బుగ్గ సైనస్ గుండా చేసిన పద్ధతి ప్రాచుర్యంలోకి తెచ్చింది, 1990 నుంచి అదే పనిని ముక్కులోంచి ఎండోస్కోపుతో చేయడం మొదలైంది. సైనస్ ఇన్ఫెక్షన్ ఉండగా ఈ ఆపరేషన్ చేయరు. జరిగాక జారిన కొవ్వు సైనస్ ద్వారాన్ని మూసి కొత్తగా సైనసైటిస్ తెచ్చే అవకాశం ఉంది గనుక వైద్యుడు ఆ ద్వారాన్ని ముందే వెడల్పు చేస్తాడు, రోగి కొన్ని వారాల పాటు ముక్కు గట్టిగా చీదకూడదు.

సైనస్‌కే ఎండోస్కోపు ఆపరేషన్ అవసరమైన థైరాయిడ్ రోగి విషయంలో క్రమం ముఖ్యం. రక్తస్రావం తగ్గడానికి ముక్కులో అడ్రినలిన్ తడిపిన దూదిని ఉంచడం, అడ్రినలిన్ కలిపిన మత్తుమందును గుచ్చడం ఈ ఆపరేషన్‌లో మామూలే కాబట్టి, హార్మోన్ అదుపులో లేని గుండెకు అది పెద్ద భారం. అత్యవసరం కానంతవరకు టీ4, టీ3 మామూలు స్థాయికి వచ్చేదాకా, అంటే సాధారణంగా కొన్ని వారాలు, ఆపరేషన్‌ను వాయిదా వేయడం మేలు, ఇటీవలి థైరాయిడ్ రిపోర్టును శస్త్రవైద్యుడికే కాక మత్తు వైద్యుడికీ విడిగా చూపించాలి. ఆపరేషన్ రోజు ఉదయం ఖాళీ కడుపుతో రమ్మన్నారని కార్బిమజోల్, ప్రొప్రానొలాల్ మాత్రలను కూడా మానేసేవారు ఉంటారు. ఆ మాత్రలను రెండు గుక్కల నీళ్లతో వేసుకోవచ్చా అని ముందురోజే మత్తు వైద్యుడిని అడిగి, ఆయన చెప్పిన మాటను కాగితం మీద రాయించుకుని తెచ్చుకోవాలి.